మా అత్తయ్య చెప్పే తొమ్మిది కుక్కల పేర్లు: కాంటిష్నా గనులకు స్లెడ్ మీద సామాను మోసిన రోజుల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

అలాస్కా కోడలు

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అత్తయ్యకి తొంభై దగ్గరపడుతోంది. పుట్టి పెరిగింది అలాస్కా నడిమధ్యలో, టనానా నది ఒడ్డున ఉన్న నెనానాలో. వాళ్ల నాన్నగారు, అంటే మావారి తాతగారు, ఎండాకాలం నదిలో చేపలు పట్టేవారట. చలికాలం మొత్తం కుక్కలు లాగే స్లెడ్ (మంచు మీద జారే, చక్రాల్లేని బండి) మీద కాంటిష్నా కొండల్లోని చిన్న చిన్న బంగారు గనులకు సామాను చేరవేసేవారట, 1930ల చివర్నుంచి రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కానీ ఎవ్వరూ రాసిపెట్టలేదు. ఆయన పోయి చాలా కాలమైంది, నేను ఆయన్ని చూడలేదు. ఇప్పుడు అత్తయ్యకి మతిమరుపు మొదలైంది. పొద్దున ఏం తిన్నారో మధ్యాహ్నానికి గుర్తుండదు, కానీ ఆ కుక్కల పేర్లు మాత్రం ఒక్కటీ పోలేదు. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని వరసగా చెప్పుకుంటారు. నెల్, టిప్, సూటీ, బక్, స్పాట్, మ్యాక్, డ్యూక్, బేర్, టగ్. ఎప్పుడు చెప్పినా ఇదే వరస. ఒక్కోసారి మ్యాక్ తర్వాత జిగ్స్ అని ఇంకో పేరు వస్తుంది, అప్పుడు పది అవుతాయి. మావారేమో అమ్మ కలిపేస్తోంది, వదిలెయ్ అంటారు. నాకు వదిలేయబుద్ధి కావడం లేదు.

ఆవిడ నోటి నుంచి ఇప్పటిదాకా నేను పోగుచేసింది చెప్తాను. ఇంటి వెనక కర్రల పందిరి మీద ఎండుచేపలు వేలాడుతూ ఉండేవట. నాన్న వెళ్తే వారం దాటాకే ఇంటికి రావడం. మైనస్ 60 ఫారెన్‌హీట్‌లో కూడా వెళ్లారని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. రొట్టెకి పులిసిన పిండి గడ్డకట్టిపోకుండా చొక్కా లోపల పెట్టుకుని పడుకునేవారట. సినిమాల్లో అరిచినట్టు "మష్" అని ఆయన ఎప్పుడూ అరవలేదట, ఈ మాట మాత్రం అత్తయ్య చాలా గట్టిగా చెప్తారు. ఇందులో ఏది నిజం, ఏది నోటా నోటా పెరిగింది?

ఇంకోటి. మా పిల్లలు అడిగితే నాకు జవాబు దొరకలేదు. అంత చలిలోనే ఎందుకు వెళ్లాలి, ఎండాకాలంలో వెళ్లొచ్చు కదా?

చివరిది. షెడ్డులో పాత సామాను సర్దుతుంటే ఒక కర్ర దొరికింది. మనిషి కన్నా కొంచెం పొడుగు, మణికట్టంత లావు. ఒక చివర తోలుతాడు చుట్టిన గాడి ఉంది, ఇంకో చివర్న జానెడు మేర నల్లగా, నున్నగా అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్లూ షెడ్డు తలుపుకి ఆనించడానికి వాడారు. పారేయబోతే నేనే ఆపాను. ఏమై ఉంటుంది?

రెండు హస్కీలు

కోడలు గారూ, ముందు ఆ కర్రని తలుపు దగ్గర్నుంచి తీసి ఇంట్లో పెట్టండి. ఫొటో చూడకుండా ఖాయంగా అనకూడదు కానీ, మీరు చెప్పిన దాన్నిబట్టి అది జీ పోల్. నేను ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఒక కెన్నెల్‌లో మూడు చలికాలాలు కుక్కల పని చేశాను. అక్కడ గోడకి ఇలాంటిదొకటి వేలాడేది, అచ్చం ఇలాగే ఒక చివర నునుపు.

ఇప్పటి పందేల్లో మనిషి స్లెడ్ వెనక, మంచు మీద జారే పొడుగు పట్టీల మీద నిలబడతాడు కదా. సామాను బండి అలా కాదు. బరువుతో నిండిన స్లెడ్‌ని వెనక నుంచి తిప్పడం ఎవరివల్లా కాదు. అందుకని స్లెడ్ ముందు కుడివైపు ఒక గట్టి కర్ర ముందుకు పొడుచుకొచ్చేలా కట్టేవాళ్లు. మనిషి స్లెడ్‌కీ కుక్కలకీ మధ్యలో నడుస్తూ, లేదా స్కీల మీద నిలబడి, ఆ కర్రని కుడిచేత్తో పట్టుకుని స్లెడ్ మూతిని అటూ ఇటూ తోసేవాడు. వెనకాల వందల పౌండ్ల బరువు, ముందు కుక్కలు, మధ్యలో తను. దిగుడులో కాలు జారితే స్లెడ్ మీదకి ఎక్కేస్తుంది. దిగేటప్పుడు వేగం తగ్గడానికి కింది పట్టీల చుట్టూ ఇనుప గొలుసు చుట్టేవాళ్లు, దాన్ని రఫ్‌లాక్ అంటారు. మీ షెడ్డులో బరువైన పొట్టి గొలుసులేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఆ నల్లటి జానెడు మెరుపు తాతగారి చేతి తొడుగు రాపిడిదే అయ్యుండాలి. ఇది రాస్తుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది.

"జీ" అంటే కుడికి తిరుగు, "హా" అంటే ఎడమకి. ఆగమనడానికి "వో". కర్ర కుడివైపు ఉంటుంది కాబట్టి జీ పోల్. మష్ విషయంలో అత్తయ్యగారిదే కరెక్టు. అది నడవండి అనే అర్థమున్న ఫ్రెంచ్ మాట "మార్ష్" నుంచి వచ్చిందంటారు. కుక్కలు తోలేవాళ్లని మషర్ అంటాం కానీ బయల్దేరమనడానికి ఆ మాట పెద్దగా వాడరు, "హైక్" అనో "ఆల్ రైట్" అనో అంటారు. నిజానికి అది కూడా పెద్దగా అరవక్కర్లేదు. కొక్కెం తీసేలోపే కుక్కలు లాగేస్తాయి, ఆపడమే కష్టం.

పిల్లల ప్రశ్న చాలా మంచిది. అక్కడ చలికాలమే రోడ్డు. ఎండాకాలంలో ఆ నేలంతా నీళ్లు నిండిన నాచు, మోకాల్లోతు బురద, ఊపిరాడనివ్వని దోమలు, దారి పొడుగునా దాటాల్సిన వాగులు. బరువుతో నాలుగు మైళ్లు పోవాలన్నా నరకం. అదే గడ్డకట్టాక నది తారురోడ్డు అయిపోతుంది, బురద బండరాయి అవుతుంది. అందుకే యంత్రాల భాగాలు, పిండి, బీన్స్, డైనమైట్, ఉత్తరాలు అన్నీ చలికాలంలోనే కదిలేవి. చిన్న గనుల పని కూడా దానికి తగ్గట్టే ఉండేది. గడ్డకట్టిన నేలని చలికాలంలో మంటతోనో ఆవిరితోనో కరిగించి, సొరంగం తవ్వి, మట్టిని పైకి తెచ్చి కుప్ప పోసేవాళ్లు. వసంతంలో మంచు కరిగి నీళ్లు రాగానే ఆ కుప్పని కడిగి బంగారం తీసేవాళ్లు. ఆ కడిగేరోజు వచ్చేదాకా వాళ్లు తిన్న తిండంతా మీ తాతగారిలాంటి వాళ్లు మోసిందే.

మైనస్ 60 నమ్మొచ్చు. అలాస్కాలో 1971 జనవరిలో ప్రాస్పెక్ట్ క్రీక్ దగ్గర మైనస్ 80 ఫారెన్‌హీట్ నమోదైంది. కానీ ఒక మాట, అంత చలిలో తెలిసినవాడెవడూ కావాలని బయల్దేరడు. మంచు జారడం మానేసి ఇసకలాగా స్లెడ్‌ని పట్టేస్తుంది, కుక్కలు రెట్టింపు కష్టపడతాయి. దారిలో ఉండగా చలి పెరిగి చిక్కుకుపోయి ఉంటారు. పులిసిన పిండి చొక్కాలో పెట్టుకోవడం కూడా నిజమే. పాత గనివాళ్లని "సౌర్‌డో" అని పిలవడం ఆ పిండి వల్లే.

పాతకాగితం

అలాస్కా కోడలు గారికి, నేను చరిత్ర డిపార్టుమెంటులో పని చేస్తాను కాబట్టి తేదీల వైపు నుంచి చెప్తాను. మీ కుటుంబం చెప్పే కాలం కాగితాలతో చక్కగా సరిపోతోంది.

కాంటిష్నాలో బంగారం కోసం జనం ఎగబడింది 1905లో. ఏడాది తిరక్కుండానే చాలామంది వెళ్లిపోయారు, కొద్దిమంది మాత్రం దశాబ్దాలు ఉండిపోయారు. అలా మిగిలినవాళ్లలో ఫ్యానీ క్విగ్లీ ఒకరు. కుక్కల జట్టుతో తనే వేటకి వెళ్లి, తనే మాంసం మోసుకొచ్చి, ఆ కొండల్లోనే బతికి 1944లో పోయారు. ఆ తొలి చలికాలం, అంటే 1905-06లో, కాంటిష్నాకి స్లెడ్ మీద టపా మోసినవాళ్లలో హ్యారీ కార్‌స్టెన్స్ ఉన్నారు. 1913లో డెనాలి శిఖరం మొదట ఎక్కిన నలుగురిలో ఆయనా ఉన్నారు, తర్వాత 1921లో అక్కడి నేషనల్ పార్కుకి మొదటి సూపరింటెండెంట్ అయ్యారు. మీ తాతగారు నడిచింది వాళ్లు వేసిన దారుల ఇలాకాలోనే.

మరి 1930ల చివర ఎందుకు? 1934లో అమెరికా ప్రభుత్వం బంగారం ధరని ఔన్సు 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకి పెంచింది. ఒక్క దెబ్బతో మూతపడ్డ చిన్న గనులు మళ్లీ గిట్టుబాటయ్యాయి. గనులు తెరుచుకుంటే సామాను మోసేవాడికి పని. నెనానా ఎందుకంటే రైలు అక్కడికి వచ్చింది, అలాస్కా రైల్వే పూర్తయిందని హార్డింగ్ ప్రెసిడెంటు బంగారు మేకు కొట్టింది 1923 జులైలో నెనానా దగ్గరే. పార్కు లోపల్నించి కాంటిష్నాకి రోడ్డు 1938కి పూర్తయింది, ఎవరైనా మీతో "రోడ్డుండగా కుక్కలెందుకు" అని వాదిస్తే ఆ రోడ్డు చలికాలంలో మంచు కిందే ఉండేదని చెప్పండి. విమానాలూ అప్పటికే వచ్చేశాయి. 1924లో బెన్ ఐల్సన్ అనే పైలట్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కి మూడు గంటల్లోపు టపా చేర్చారు, అదే దూరం కుక్కల జట్టుకి వారాల పని. అయినా చిన్న గనివాడు విమానం ఖర్చు భరించలేడు, కొండ సందుల్లో దిగే చోటూ ఉండదు. ఆ సందుల్లోనే మీ తాతగారికి బేరం మిగిలింది.

ముగింపు తేదీ కూడా దొరుకుతుంది. 1942 అక్టోబరులో యుద్ధ ఉత్పత్తుల బోర్డు ఎల్-208 అనే ఆర్డరు ఇచ్చింది. యుద్ధానికి బంగారం అత్యవసరం కాదు, మనుషులూ యంత్రాలూ రాగి లాంటి వాటికి కావాలి, బంగారు గనులు ఆపండి అని. "నాన్న కుక్కల్ని మానేసిన చలికాలం" అని అత్తయ్య ఎప్పుడైనా అంటే అది ఆ 1942-43 చలికాలం అయ్యుండొచ్చు. ఆవిడకి అప్పుడు ఆరేడేళ్లు. పిల్లలకి బాగా గుర్తుండే వయసే.

కాగితాల కోసం 1940 జనాభా లెక్కలు చూడండి, అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఒక చిన్న కిటుకు, అలాస్కాలో ఆ లెక్క తీసింది 1939 అక్టోబరు నాటికి. చలికాలంలో మనుషులు గనులకీ వేటకీ చెదిరిపోతే దొరకరని. వృత్తి అనే గడిలో తాతగారికి ఏం రాశారో చూడండి. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా యూనివర్సిటీలో ప్రాజెక్ట్ జూక్‌బాక్స్ అని పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి దాచే పని ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది, వాళ్లకి రాయండి. అన్నిటికన్నా ముందు ఫోన్ తీసి అత్తయ్యగారి గొంతు రికార్డు చెయ్యండి. ఇవాళే. ప్రశ్నలు వరసగా వెయ్యకండి, ఏదైనా వస్తువు చేతికిచ్చి ఊరుకోండి. జనాభా లెక్క ఎప్పుడైనా దొరుకుతుంది, ఆవిడ ఓపిక అలా కాదు.

ఉత్తరగాలి

మా ఆవిడ వాళ్లది అలాస్కా పడమటి తీరంలోని నోమ్ వైపు. వాళ్ల తాతగారు కూడా గనులకి కుక్కలతో మోసినాయనే కాబట్టి నా మాట కూడా వినండి.

పైన ఇద్దరూ చెప్పింది నిజమే కానీ ఇది చదివితే అంతా అందంగా కనిపిస్తోంది. నేను కుక్కల వైపు నుంచి మాట్లాడతాను. నోమ్‌లో 1898లో బంగారం పడ్డాక కుక్కలకి ఎంత గిరాకీ వచ్చిందంటే ఎక్కడెక్కడి కుక్కల్నో ఓడలెక్కించి తెచ్చారు. చలికి పుట్టని జాతులు, పొట్టి బొచ్చువి, చాలా చచ్చిపోయాయి. తర్వాత గనుల మధ్య ప్రయాణమే పందెం అయింది, 1908లో నోమ్ నుంచి క్యాండిల్ అనే గని ఊరికి వెళ్లి తిరిగి రావడం, మొత్తం 408 మైళ్లు. ఎండాకాలంలో కూడా వాటికి విశ్రాంతి లేదు. గనుల కోసం వేసిన చిన్న రైలుపట్టాలు మూతపడితే, ఆ పట్టాల మీద ట్రాలీ పెట్టి కుక్కలతోనే లాగించేవాళ్లు. 1925లో నోమ్‌కి డిఫ్తీరియా మందు తెచ్చిన సంగతి అందరికీ తెలుసు, 20 మంది మషర్లు, 150 దాకా కుక్కలు, 674 మైళ్లు. ఆ మందుతో చివరికి నోమ్ చేరిన జట్టులోని కుక్క బాల్టో, దాని పేరు చెప్పని పిల్లాడు లేడు. అందులో అన్నిటికన్నా ఎక్కువ దూరం, ఎక్కువ ప్రమాదం ఉన్న భాగం లాగింది సెపాలా అనే మషర్ జట్టు, దానికి లీడర్ టోగో అనే కుక్క. ఆ సెపాలా కూడా నోమ్‌కి వచ్చింది గని కంపెనీలో పనికే.

మా ఆవిడ వాళ్ల తాతగారు బంగారం గురించీ దారుల గురించీ ఒక్కమాట చెప్పేవారు కాదట. ఆవిడకి గుర్తున్నదల్లా వాళ్ల నాయనమ్మ రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చుని కాన్వాసు గుడ్డతో చిన్న చిన్న సంచులు కుడుతూ ఉండటం. కుక్కల పాదాలకి తొడిగే జోళ్లు. వేళ్ల మధ్య బొచ్చుకి మంచు ఉండలు కట్టి, పాదం చీలి, దారి పొడుగునా ఎర్ర చుక్కలు పడతాయి. ఒక కుక్కకి నాలుగు, తొమ్మిది కుక్కలకి ముప్పై ఆరు. ఒక్క ట్రిప్పుకే చిరిగిపోయేవి. వచ్చిన రాత్రే మళ్లీ కుట్టడం మొదలు. ఆ ముప్పై ఆరు సంచులు కుట్టిన మనిషి పేరు ఏ కాగితంలో ఉంటుంది చెప్పండి?

ఇంకో కఠినమైన సంగతి. పనికిరాని కుక్కని మేపే స్తోమత చాలామందికి ఉండేది కాదు. పాదం పోయినా, ముసలిదైనా కాల్చేసేవాళ్లు. అత్తయ్యగారిని అడిగేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. మ్యాక్ దగ్గర తడబడుతున్నారంటే దాని వెనక ఏదో ఉండొచ్చు, బలవంతంగా తవ్వొద్దు.

రెండు హస్కీలు

ఉత్తరగాలి గారూ, మీరు చెప్పింది కాదనను. అది రాయకపోవడం నా పొరపాటే. కెన్నెల్‌లో నా మొదటి పని పాదాలు చూడటమే, రోజుకి రెండుసార్లు, ఒక్కో వేలూ విడదీసి. పాదం పోతే ప్రయాణం పోయినట్టే అని అక్కడి పెద్దాయన మొదటిరోజే చెప్పారు.

ఒక్క లెక్క మాత్రం కలుపుతాను, ఎందుకంటే మొయ్యడం అంటే ఏమిటో దీంతో అర్థమవుతుంది. పనిచేసే కుక్కకి రోజుకి సుమారు రెండు పౌండ్ల ఎండుచేప అనుకోండి. అత్తయ్యగారు చూసిన పందిరి మీదవి చమ్ సాల్మన్ అయ్యుంటాయి, దానికి అక్కడ పేరే డాగ్ సాల్మన్. నదిలో ప్రవాహానికి తిరిగే ఫిష్ వీల్‌తో పట్టి, చీల్చి, ఆరబెట్టి కట్టలు కట్టేవాళ్లు. తొమ్మిది కుక్కలకి రోజుకి పద్దెనిమిది పౌండ్లు. వెళ్లడానికి వారం, రావడానికి ఇంకో వారం అంటే రెండొందల యాభై పౌండ్లు కుక్కల తిండే! మనిషి తిండి, గుడారం, పొయ్యి అదనం. తన తిండి తనే మోస్తూ పోతే గనికి చేరే సరుకు ఎంత మిగులుతుంది? అందుకే తిరుగు ప్రయాణానికి కావలసిన చేపలు దారిలో ఎత్తైన స్తంభాల మీద అటకలు కట్టి దాచేవాళ్లు, జంతువులకి అందకుండా. ఎండాకాలం తాతగారు పట్టిన చేపే చలికాలం బండికి పెట్రోలన్నమాట. రెండు పనులు కాదు అవి, ఒకటే పని. ఇదంతా ఆ ప్రాంతపు ఆదివాసీలైన అథబాస్కన్ జనానికి ముందునుంచీ తెలిసిన విద్య, చేప ఎండబెట్టడం, ఏ మంచు మీద నడవొచ్చో చూడటం. గనివాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు.

ఇంకోటి, నిన్న రాత్రి మీ పోస్టు మళ్లీ చదువుతుంటే తట్టింది. కోడలు గారూ, ఆ పేర్ల వరస! తొమ్మిది అంటే ముందు ఒకటి, వెనక నాలుగు జతలు. సామాను జట్టు అలా కట్టడం మామూలే. ఇరుకు దారుల్లో ఒకదాని వెనక ఒకటి కట్టేవాళ్లు కూడా ఉన్నారనుకోండి. మొదటిది లీడర్, తర్వాతి జత స్వింగ్, మలుపులో అవి తిరిగితే మిగతావి తిరుగుతాయి. ఆఖరి జతని వీల్ డాగ్స్ అంటారు, స్లెడ్‌కి దగ్గరగా, అన్నిటికన్నా బలమైనవి, బరువు కుదుపంతా వాటి మీదే. నా అనుమానం, ఆవిడ పేర్లు చెప్పుకోవడం లేదు, జట్టు కడుతున్నారు. ఈసారి చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. నెల్ తర్వాత ఆగి, ఆపైన రెండేసి చొప్పున చెప్తే నాకు తప్పకుండా రాయండి.

అలాస్కా కోడలు

వారం ఆలస్యమైంది, క్షమించండి. నిన్నటి సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

పాతకాగితం గారు చెప్పినట్టే ఏమీ అడగలేదు. శనివారం మధ్యాహ్నం ఫోన్ రికార్డింగులో పెట్టి, కర్రని తుడిచి తీసుకెళ్లి అత్తయ్య ఒళ్లో పెట్టాను. రెండు నిమిషాలు దాన్ని చూస్తూ ఉండిపోయారు. తర్వాత తడబడకుండా నల్లటి చివర తన కుడిచేతి వైపు తిప్పుకున్నారు. ఆ నున్నటి చోట చెయ్యి వేశారు. "ఇది ఇక్కడెందుకుంది, నాన్న స్లెడ్ ఎక్కడ?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. షెడ్డులో దొరికింది అత్తయ్యా అన్నాను. సరే అన్నట్టు తలూపి, మెల్లగా, పాపాయిని నిద్రలేపినట్టు, "జీ, నెల్, జీ" అన్నారు. అరవలేదు. ఆయన గొంతు అంతే ఉండేదేమో.

పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. రెండు హస్కీలు గారూ, నెల్ అని ఆగారు! తర్వాత టిప్ సూటీ కలిపి. ఆగారు. బక్ స్పాట్. ఇన్నాళ్లూ నేనే ఆ ఖాళీలు వినలేదు, వయసు వల్ల ఊపిరి తీసుకుంటున్నారనుకున్నాను. మ్యాక్ డ్యూక్ అన్నాక జిగ్స్ డ్యూక్ అని మళ్లీ చెప్పారు. బేర్ టగ్ అనేటప్పుడు చేత్తో తన కాళ్ల దగ్గర చూపించారు, స్లెడ్ అక్కడున్నట్టు.

ఉత్తరగాలి గారూ, మీ మాట మనసులో పెట్టుకుని నేను మ్యాక్ గురించి అడగలేదు. ఆవిడే చెప్పారు. ఒక ట్రిప్పులో వాగు దాటుతుంటే మంచు మీదకి నీళ్లు వచ్చాయట. దాన్ని ఓవర్‌ఫ్లో అంటారని మావారు చెప్పారు, గడ్డకట్టిన వాగు కిందనుంచి నీళ్లు పైకి తన్నుకొచ్చి మంచు కింద కనపడకుండా నిలుస్తాయట. డ్యూక్‌కీ మ్యాక్‌కీ కాళ్లు తడిశాయి, మంట వేసి ఆరబెట్టేలోపే మ్యాక్ వెనక పాదాలు చలికి దెబ్బతిన్నాయి. నాన్న మ్యాక్‌ని స్లెడ్ మీద సామాను పైన పడుకోబెట్టి, దుప్పటి కప్పి ఇంటికి తెచ్చారట. "ఎనిమిది లాగుతున్నాయి, ఒకటి కూర్చుని వస్తోంది, నేను నవ్వాను, అమ్మ నవ్వొద్దంది" అన్నారు అత్తయ్య. పక్కింటాయన వచ్చి నీకు చేతకాకపోతే నేను కాలుస్తానన్నాడట. నాన్న వినలేదు. మ్యాక్ చోటులోకి జిగ్స్ వచ్చింది. ఇంట్లోకి రానిచ్చిన కుక్క అదొక్కటే, వంటింట్లో పొయ్యి పక్కన ముక్కు తోకలో దాచుకుని పడుకునేదట, బయట మంచులో పడుకున్నట్టే. గనులు ఆగిపోయాక మిగతావాటిని ఒక్కొక్కటిగా ఇచ్చేశారు, మ్యాక్‌ని ఎవరూ అడగలేదు.

మావారు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నారు. ఆయనకి అరవై ఏళ్లు, ఈ కథ ఎప్పుడూ వినలేదట. కలిపేస్తోంది అన్నందుకు అమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నలభై నిమిషాల రికార్డింగు ఉంది, యూనివర్సిటీ వాళ్లకి రాశాను. జనాభా లెక్కల్లో ఇంకా వెతకాలి. జోళ్లు ఎవరు కుట్టేవారని మళ్లీసారి అడుగుతాను, వాళ్లమ్మగారి పేరు కూడా ఆ రికార్డింగులో ఉండాలి.

ఒక్క చిన్న సందేహం. కర్ర బాగా ఎండిపోయింది, మధ్యలో సన్నగా పగులు కూడా ఉంది. మావారు గరుకు కాగితంతో రుద్ది లిన్‌సీడ్ ఆయిల్ పట్టిద్దామంటున్నారు. పట్టించొచ్చా?

పాతకాగితం

వద్దండీ. రుద్దొద్దు, ఆయిలూ వద్దు, పొడిగుడ్డతో దుమ్ము దులపండి చాలు. హీటర్ దగ్గర పెట్టకండి. ఎండ తగలని గోడకి, రెండుచోట్ల మెత్తటి గుడ్డ ఆసరా ఇచ్చి అడ్డంగా పెట్టండి. రుద్దితే ఆ చేతి మరక పోతుంది.